తడి పుష్కలంగా ఉంది!

మనిషి ఒంట్లో కళ్లంత దండగమారి అవయవం ఇంకొకటి లేదని బల్లగుద్ది చెబుతున్నాను! దగ్గర్లో బల్ల లేకపోతే గోడ గుద్ది అయినా చెబుతాను!

ఆలోచించండి. కళ్లకి కలకలొస్తాయి, శుక్లాలొస్తాయి, కునుకొస్తుంది, కోపమొస్తే ఎరుపొస్తుంది. వయసు మీదపడితే అద్దాలు పెట్టాలి. పెట్టిన అద్దాలు ఎక్కడ పెట్టామో వెతకాలి. వెతకడానికి మళ్లీ అద్దాలు కావాలి! కళ్లకి బదులు మిషన్లకి తగిలించే సెన్సారుకి ఈ బాధలేమైనా ఉన్నాయా? దానికి నిద్ర లేదు, నీరసం లేదు, మొహమాటం అసలే లేదు. మనిషికి సెన్సు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. సెన్సారుకి మాత్రం పేరులోనే ఉంది!

ఈ జ్ఞానం నాకు చెట్టు కింద కూర్చుంటే రాలేదు. చెట్టు ఎండిపోతే వచ్చింది. ఆ చెట్టు మా చెల్లెలిది. ఎండబెట్టిన ఘనత ఆవిడ భర్తది.

ఆయనా నేనూ ఒకరినొకరం ‘బావా’ అనే పిలుచుకుంటాం. ఎవరు ఎవరో మీకు గందరగోళం లేకుండా ఆయన్ని వాల్వు బావ అంటాను. నన్ను మీ ఇష్టం వచ్చినట్టు అనుకోండి, అలవాటే.

వాల్వు బావ ఒక కంపెనీలో ఉద్యోగుల సౌకర్యాలు చూస్తాడు. ‘చూస్తాడు’ అన్నది మాటవరసకి. నిజానికి ఆయన స్క్రీన్ తప్ప ఏదీ చూడడు. అలాంటి మనిషి చేతికి ఒకనాడు వేలెడంత బోర్డు చిక్కింది. మైక్రోకంట్రోలర్ అంటారట. కంప్యూటర్‌కి మనవడి వరస. దానికి వైర్లు తగిలించి, కాస్త కోడు రాసి ఎక్కిస్తే, మనం చెప్పిన పనల్లా చేస్తుంది. ఇంట్లో తను చెప్పిన పని చేసే ప్రాణి ఒకటి దొరకడం వాల్వు బావకి జీవితంలో అదే మొదలు!

ఆ బోర్డుకి తోడుగా వాల్వులొచ్చాయి. కరెంటిస్తే ‘టక్’మని తెరుచుకుంటాయి, తీసేస్తే ‘టక్’మని మూసుకుంటాయి. మొదటిసారి ఆ ‘టక్’ విన్నప్పుడు ఆయన మొహం వెలిగిన వెలుగు పెళ్లిపీటల మీద కూడా చూడలేదని మా చెల్లెలు ఇప్పటికీ అంటుంది.

పైపులు బిగించడానికి ప్లంబర్ని పిలిస్తే ‘వైర్లున్నాయి కదండీ, కరెంటాయన పని’ అన్నాడు. కరెంటాయన్ని పిలిస్తే ‘నీళ్లున్నాయి కదండీ, ప్లంబరు పని’ అన్నాడు. ఇద్దరూ ఏకాభిప్రాయంతో టీ తాగి వెళ్లిపోయారు. ఇక వాల్వు బావే నడుం బిగించాడు. నడుమైతే బిగిసింది గానీ పైపులు బిగియలేదు. కొన్నాళ్లు బాత్రూంలో లైటు వేస్తే పెరట్లో కుళాయి తిరిగేది. పక్కింటాయన ‘మీ ఇంట్లో ఎవరో స్నానానికి వెళ్లినట్టున్నారే, మా గోడ తడుస్తోంది’ అని కేకేసేవాడు. సమాచార విప్లవం అంటే ఇదే కదా!

మా చెల్లెలు ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఇంటి డాబా మీద ఆవిడకో వార్డు ఉంది. గులాబీలు, టమాటాలు, మిరప, వంగ, అన్నీ కుండీల్లో వరసగా బెడ్ల మీద రోగుల్లా ఉంటాయి. వాటిమధ్య పెద్ద తొట్టిలో ఒక నిమ్మచెట్టు. గింజ నాటి పెంచింది. గింజ నుంచి వచ్చింది కాయదని ఇరుగూ పొరుగూ అందరూ పెదవి విరిచారు. ఆవిడ మాత్రం రోజూ డ్యూటీకి వెళ్లేముందు ప్రతి కుండీలో వేలు గుచ్చి, తడి చూసి, అవసరమైనంత పోసేది. వాల్వు బావకి అది చూస్తే ఒళ్లుమంట. ‘ఈ రోజుల్లో వేలేంటి? నీది ప్రతి దాంట్లో వేలు పెట్టే బుద్ధి!’ అనేవాడు.

ఇంతలో ఆవిడకి వేరే ఊళ్లో కొన్ని వారాల ట్రైనింగ్ పడింది.

“ఏమండీ, నేనొచ్చేదాకా మొక్కలకి నీళ్లు పోస్తారా?”

“పోయడమేంటి? పోయిస్తాను!”

“ఎవరిచేత?”

“కోడు చేత.”

“మీ కోడు సంగతి నాకు తెలీదా? మొన్న నా తలమీద సబ్బుండగా షవర్ కట్టేసింది.”

“అది పొదుపు మోడ్!”

“నా కళ్లల్లో పడింది మాత్రం సబ్బేనండీ, మోడ్ కాదు.”

వాల్వు బావ గొంతు కాస్త తగ్గింది. “ఒక్కసారి నామీద నమ్మకం పెట్టి చూడవచ్చుగా! పొయ్యి మీద పాలు కూడా నాకు వదిలిపెట్టవు నువ్వు.”

పాఠకులారా, ఆయన బాధ అర్థం చేసుకోండి. ఆ ఇంట్లో గ్యాస్ కట్టాడో లేదో, తలుపు వేశాడో లేదో అని ఆయన వెనకాలే ఎవరో ఒకరు మళ్లీ చూసి వస్తారు. మళ్లీ చూడనక్కర్లేని పని ఒక్కటి చేసి చూపించాలన్నది ఆయన చిరకాల వాంఛ.

చెల్లెలు ఆయన మొహంకేసి చూసింది. “సరే. నేనొచ్చేసరికి డాబా పచ్చగా ఉంటే వంటింటి కుళాయిలు కూడా మీవే. ఏ వాల్వు కావాలంటే ఆ వాల్వు పెట్టుకోండి. మాడిందా, ఇంట్లో ఒక్క వైరు ముక్క కనిపించడానికి వీల్లేదు. మొత్తం మూటగట్టి మా అన్నయ్యకి ఇచ్చేస్తాను.”

“నాకెందుకే తల్లీ!” అన్నాను, రెండు ఖాళీ డబ్బాలతో గుమ్మంలో నిలబడి. (ఖాళీ డబ్బాలెందుకని ఇప్పుడే అడక్కండి. చెబుతాను.)

వెళుతూ వెళుతూ ఆవిడ మెట్ల దగ్గర ఆగింది. “నిమ్మ జాగ్రత్తండీ. ఇన్నేళ్లకి మొగ్గ తొడిగింది.”

వాల్వు బావ యుద్ధప్రాతిపదికన రంగంలోకి దిగాడు. టాంకు నుంచి పైపు లాగి, దానికి వాల్వు బిగించి, అక్కణ్ణించి ప్రతి కుండీకీ సన్నపైపు వేశాడు. మట్టిలో గుచ్చితే తడి ఎంతుందో చెప్పే సెన్సార్లు చవగ్గా దొరికితే గుప్పెడు తెచ్చాడు. చవకవి కదా, తడి కొలవడానికి వచ్చి తడికే తుప్పుపట్టాయి! చివరికి ఒక్కటి నికరంగా నిలిచింది. దాని వైరు కూడా డాబా తలుపు పక్కనున్న కుండీ దాకానే వచ్చింది. ఆ కుండీలో ఎవరూ నాటకుండా దానంతటదే మొలిచిన ఏదో ఆకుమొక్క ఉంది. సెన్సారు అందులో గుచ్చాడు.

ఏర్పాటు బహు సులువు. ఆ కుండీలో మట్టి ఎండితే బోర్డుకి తెలుస్తుంది. బోర్డు వాల్వుకి చెబుతుంది. వాల్వు ‘టక్’మంటుంది. అన్ని కుండీలకూ నీళ్లు! ఆ కుండీ తడిగా ఉందా, అన్నీ తడిగా ఉన్నట్టే.

“మిగతావాటికి సెన్సారు అక్కర్లేదా బావా?” అన్నాను.

“అన్నిటినీ అడుగుతూ కూర్చుంటామా బావా? ఇది వాటి ప్రతినిధి.”

ఎంత గొప్ప మాట! ఊరి తరఫున ఒకడు కడుపునిండా తిని బ్రేవుమంటే, ఊరు ఊరంతా చేతులు కడుక్కోవద్దూ?

ఆఖరున ఆయన ఒక ముందుజాగ్రత్త తీసుకున్నాడు. డాబా మీది కుళాయి పిడి ఊడదీసి టేబుల్ సొరుగులో పడేశాడు. మనుషులు చేత్తో తిప్పేస్తే లెక్క తప్పుతుందట! మనుషుల చేతుల్లో పెడితే ఏదైనా తప్పుతుంది, నిజమే మరి.

ఇక ఆ ఇంట్లో ఉన్నది ఆయనా, వాళ్లమ్మగారూ. పెద్దావిడకి డాక్టరు రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్లలో పీచుపొడి, అదే ఇసబ్గోల్, కలిపి తాగమన్నాడు, డాబా మీద నాలుగు చుట్లు నడవమన్నాడు. వాల్వు బావ ఎంత చెడ్డా తల్లికి మంచి కొడుకు. తన చేత్తో కలిపి, తన చేత్తో అందించేవాడు.

“అక్కడ పెట్టరా నాన్నా. పైన గాలికి తాగుతాలే” అని ఆవిడ గ్లాసు పట్టుకుని మెట్లెక్కేది. కాసేపటికి ఖాళీ గ్లాసుతో దిగేది. కొడుకు కడుపు నిండిపోయేది.

ఫోన్లో యాప్ తెరిస్తే ఆకుపచ్చ నీటిబొట్టు. కింద అక్షరాలు: ‘తడి పుష్కలంగా ఉంది’. మర్నాడు చూసినా పుష్కలం. ఆ మర్నాడూ పుష్కలమే! వాల్వు ఒక్కసారి ‘టక్’మనలేదు. నీళ్లు ఎంత ఆదా! ఎండలు దంచేస్తున్నాయి, అయినా తడి చెక్కుచెదరలేదు. ఆ యాప్ ఆయన ఆఫీసులో అందరికీ చూపించాడు. లిఫ్టులో ఎక్కినవాళ్లకి దిగేలోపు చూపించాడు.

ఆఫీసంటే గుర్తొచ్చింది. అక్కడ కూడా ఆయనో మిషన్ పెట్టించాడు. క్యాంటీన్ తిండి బాగుంటే నవ్వుమొహం నొక్కాలి, బాగులేకపోతే ఏడుపుమొహం నొక్కాలి. క్యాంటీన్లో ప్లగ్గు లేక దాన్ని మేనేజరు గది బయట పెట్టారు. మేనేజరు తెచ్చుకునేది ఇంటి కారియర్! వెళుతూ వస్తూ సరదాగా నవ్వుమొహం నొక్కేవాడు. దాంతో కంపెనీ రికార్డుల ప్రకారం అక్కడి ఉద్యోగులు ఆనందంతో తబ్బిబ్బయిపోతూ ఉడకని బీన్సు తింటున్నారు.

రోజూ చెల్లెలు వీడియో కాల్ చేసేది.

“మొక్కలెలా ఉన్నాయండీ?”

“ఇదిగో, గ్రీన్!” అని ఒక ఫోన్లో మరో ఫోన్ చూపించేవాడు.

“ఆ గ్రీన్ కాదు. మొక్కల గ్రీన్ చూపించండి. పైకెళ్లి ఒక్కసారి చూసొస్తే మీ సొమ్మేం పోయింది?”

“పైకెళ్లి చూస్తే సిస్టమ్‌ని అనుమానించినట్టు కాదా! నామీద నమ్మకం అంటే ఇదేనా?”

ఈ ముక్కతో ఆవిడ ఫోన్ పెట్టేసేది. పాపం, నమ్మకం మీద మాట ఇచ్చి వెళ్లింది కదా.

పెద్దావిడ ఊరుకోలేక ఒకరోజు కదిపింది. “ఒరేయ్, నీ పెళ్లాం మొక్కలు కాస్త వడిలినట్టున్నాయిరా.”

“నీ అద్దాలు మార్పించాలమ్మా. ఇదిగో చూడు, తడి పుష్కలం.”

ఆవిడ ఫోన్లోకి చూసింది, కొడుకు మొహంలోకి చూసింది, ఇంకేదో చెప్పబోయి కొంగుతో మూతి తుడుచుకుంది.

నేను కూడా నా ధర్మం నేను నెరవేర్చాను. వాళ్ల పెరటి కుళాయి కింద డబ్బా పెట్టుకుని నిలబడితే, పైనుంచి ఎండిన నిమ్మాకు ఒకటి గిరగిరా తిరుగుతూ వచ్చి నా డబ్బాలో పడింది.

“బావా, నిమ్మాకులు రాలుతున్నాయే!”

వాల్వు బావ ఆకుని వెలుగుకి ఎత్తిపట్టి పరిశీలించాడు. నుదురు చిట్లించాడు. అరచేత్తో తొడ చరిచాడు.

“అర్థమైంది! తడి ఎక్కువై వేరు కుళ్లుతోంది బావా! నీళ్లు తగ్గించాలి!”

వెంటనే కూర్చుని కోడు మార్చాడు. అప్పటిదాకా వాల్వు తెరుచుకోవాలంటే కుండీ ఎండాలి. ఇకమీదట ఎడారి కావాలి! మందు లేని రోగికి పథ్యం కూడా బంద్ చేశాడన్నమాట. ఆ రోజు ఆయన హాయిగా నిద్రపోయాడు. భార్య చెట్టుని కాపాడిన తృప్తి సామాన్యమైనదా?

చెల్లెలు రానే వచ్చింది. భుజాన సంచీ దించకుండానే మెట్లెక్కింది. వాల్వు బావ కింద హాల్లో ఫోన్ పట్టుకుని, వంటింటి కుళాయిల కొలతలు తీసుకుంటూ ఉన్నాడు. నేను డబ్బాలతో ఉన్నాను. పెద్దావిడ మాత్రం ఎందుకో పొద్దుటి నుంచి గదిలోంచి బయటికి రాలేదు.

పైనుంచి అడుగుల చప్పుడు ఆగిపోయింది.

“ఏమండీ, ఒకసారి పైకి రండి.”

“ఇక్కడ చూస్తున్నాగా, పుష్కలంగా…”

“ఫోన్ కింద పెట్టి రండి.”

ఇన్ని వారాల తర్వాత వాల్వు బావ డాబా మీద అడుగుపెట్టాడు. వెనకాలే నేను. గులాబీలు అగరొత్తి పుల్లల్లా ఉన్నాయి. టమాటా తీగలు నలిపితే పొడి అయ్యేలా ఉన్నాయి. నిమ్మచెట్టు మీద ఆకన్నది లేదు. మొగ్గలు తొట్టి చుట్టూ గోధుమరంగు నలుసుల్లా రాలి ఉన్నాయి. తలుపు పక్కన ప్రతినిధి కుండీ మాత్రం నిగనిగలాడుతోంది! అందులో పుట్టగొడుగులు కూడా మొలిచాయి!

వాల్వు బావ నోట్లో తడి ఆరిపోయింది. పుష్కలంగా ఉన్నది మొత్తం ఆ కుండీలోనే ఉండిపోయింది మరి.

చెల్లెలు వంగి ప్రతినిధి కుండీలో వేలు గుచ్చింది. వేలికి మట్టితో పాటు జిగటగా, జెల్లీలాంటిదేదో సాగుతూ వచ్చింది. నర్సు కదా, వాసన చూడగానే పట్టేసింది.

“అత్తయ్యా!”

పెద్దావిడ తలుపు చాటు నుంచి తల బయటపెట్టింది.

“పీచుపొడి మొక్కకి పోస్తున్నారా?”

“నాకు గొంతు దిగదే అమ్మా! గోడకి పోస్టర్లంటించే బంకలా ఉంటుంది. వాడేమో రోజూ చేతులారా కలిపిస్తాడు. వద్దంటే చిన్నబుచ్చుకుంటాడని…”

“మొక్కలు ఎండిపోతున్నాయని ఆయనకి చెప్పొచ్చుగా!”

“చెప్పాను. ఫోన్ చూపించాడు. గట్టిగా చెబితే ఈ ఒక్క కుండీ ఎందుకు తడిగా ఉందని అడగడూ? పోనీ నేనే పోద్దామంటే కుళాయికి పిడి ఏదీ?”

పీచుపొడి తాగిన నీటిని వదలదు. రోజుకో గ్లాసు చొప్పున ఆ కుండీ మట్టి ఉబ్బి, ఊరి, నిత్యం చిత్తడి! సెన్సారు ఒక్క అబద్ధం ఆడలేదు. కొడుకు కలిపింది, తల్లి పోసింది, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

వాల్వు బావ నీరుగారిపోయాడు. నిమ్మతొట్టి పక్కన చతికిలబడి, పొడిబారిన మట్టిలో మొదటిసారి వేలు గుచ్చాడు. అది గోరు మునిగేదాకా కూడా దిగలేదు.

“పోయిందా?” అన్నాడు, తలెత్తకుండా.

చెల్లెలు పక్కనే కూర్చుంది. కాండం అడుగున గోటితో చిన్నగా గీరింది. పైతోలు కింద, నూలుపోగంత, పచ్చగా ఉంది.

“ఇదండీ గ్రీనంటే” అని ఆయన వేలు పట్టుకుని అక్కడ ఆనించింది.

ఆయన లేచి గబగబా కిందికి వెళ్లాడు. సొరుగులోంచి పిడి తెచ్చి, తనే కుళాయికి బిగించి, మగ్గుతో నిమ్మకి నీళ్లు పోశాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే వైర్లు ఊడదీయడం మొదలుపెట్టాడు. మాటంటే మాటే. నేను మెల్లిగా మెట్లవైపు జరిగాను. ఆ మూట వచ్చేది మా ఇంటికే కదా!

“అదొక్కటీ ఉంచండి” అంది చెల్లెలు, ఆయన చెయ్యి ప్రతినిధి కుండీ మీద పడగానే. “ఇకమీదట ఆ కుండీ తడిస్తే నా ఫోన్ మోగాలి. అత్తయ్య పొడి తాగారో లేదో ఆస్పత్రి నుంచే తెలుస్తుంది.”

“ఓరి దేవుడా!” అంది పెద్దావిడ. అని, పక్కనున్న వంగ కుండీ వైపు ఓ చూపు విసిరింది. దానికి వైరు లేదు.

చూశారా? సెన్సారుకి దక్కాల్సిన కొలువు ఎట్టకేలకి దక్కింది. వంటింటి కుళాయిలు బతికిపోయాయి. వాల్వు బావ ఇప్పుడు రోజూ మగ్గుతో డాబా ఎక్కి ప్రతి కుండీలోనూ వేలు పెడుతున్నాడు. గోళ్లనిండా మట్టితో ఆఫీసుకెళ్తున్నాడు. నిమ్మ చిగురేసింది. మొగ్గ సంగతి చెట్టు ఇష్టం. మొన్న ఆఫీసులో ప్లగ్గు కోసం పొడుగు వైరు లాగించి, నవ్వుమొహాల మిషన్‌ని క్యాంటీన్లోకి మార్పించాడు. ఆ రోజంతా ఏడుపుమొహాలే! పైవాళ్లు కంగారుపడి, మిషన్ పాడైందని రిపేరుకి మనిషిని పంపారు.

ఇక నా ఖాళీ డబ్బాల కథ.

మా వీధికి నీళ్లొదిలే వాల్వు కూడా ఇప్పుడు ఆటోమేటిక్. వీధి మొదట్లో పెద్ద ఆఫీసరుగారి ఇంటిముందు, పైపు ఎప్పుడూ నిండుగా ఉండేచోట సెన్సారు పెట్టారు. బహుశా వైరు అక్కడిదాకానే వచ్చి ఉంటుంది. అక్కడ నిండగానే వీధంతా నిండిందని వాల్వు ‘టక్’మంటుంది. మా ఇల్లు వీధి చివర. మొన్న వాల్వు బావ పనిగట్టుకుని వచ్చి, మా కుళాయిలో వేలు పెట్టి చూశాడు. వేలికి సాలెగూడు వచ్చింది. ఆయన మొహం ఎర్రబడింది. నా ఫోన్ లాక్కుని నీళ్ల ఆఫీసుకి తనే చేశాడు.

“నమస్కారమండీ. ఇక్కడ చుక్క నీరు లేదు.”

“మీ వీధికి ఫుల్‌గా చూపిస్తోందండీ. గ్రీన్ ఉంది.”

“ఆ గ్రీన్ కాదండీ! ఒక్కసారి వచ్చి చూసి వెళ్లండి, మీ సొమ్మేం పోయింది?”

అవతలి గొంతు నొచ్చుకుంది. “అదేంటండీ! వచ్చి చూస్తే సిస్టమ్‌ని అనుమానించినట్టు కాదా?”

వాల్వు బావ నీళ్లు నమిలాడు. చాలాకాలానికి మా ఇంట్లో కనిపించిన నీళ్లు అవే!

కాబట్టి పాఠకులారా, నిశ్చింతగా కళ్లు మూసుకోండి. మా వీధిలో తడి పుష్కలంగా ఉంది. నేనిప్పుడే డబ్బాలు పట్టుకుని చెల్లెలింటికి బయల్దేరుతున్నాను. దారిలో ఎదురుపడితే మాత్రం పలకరించకండి. నేను కనబడుతున్నట్టు ఏ స్క్రీన్ మీదా లేదు!